దూరమేనా?

బరంపురంలో గోసాని నువాగాం దగ్గర ఒక అద్దె గదిలో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. మా పుస్తకంలో ఏడో పాఠం ప్రయాణాల మాటలు. డిపార్చర్, అరైవల్, లగేజ్, బోర్డింగ్, డెస్టినేషన్. ఐటినరరీ అని కూడా ఒకటుంది, దాన్ని పలికేలోపు ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతుంది. ఆ పాఠం రాసినవాడు పొట్ట చేతపట్టుకుని వెళ్ళేవాళ్ళను ఎన్నడూ చూసినట్టు లేదు. అందులో ఒకాయన ఎయిర్‌పోర్టులో ఇంకొకాయన్ని నవ్వుతూ పలకరిస్తాడు, వేర్ ఆర్ యూ గోయింగ్ అని. మా పిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరినొకరు అదే అడుగుతారు. ఆ కాసేపూ నేను బోర్డు తుడుస్తూ ఉంటాను.

మాది ఛత్రపూర్ దాటాక సముద్రం ఒడ్డున ఊరు. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన, చేపలు పట్టే తెలుగువాళ్ళం. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. బయలుదేరిన మనిషిని మా ఇంట్లో ఎక్కడికని అడగరు. అడిగితే ప్రయాణం చెడుతుంది. ఎవరైనా నోరు జారితే వెళ్ళేవాడు చెప్పులు విడిచి లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ లేవాలి. సముద్రం మీదికి వెళ్ళే ఇళ్ళలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఉండబట్టలేకపోతే "దూరమేనా?" అంటారు. "ఆఁ, దూరమే" అంటాడు వెళ్ళేవాడు. అంతటితో సరి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా ఇంట్లో అమ్మే అడగనిచ్చేది కాదు.

మా అన్న వేరే రాష్ట్రాల్లో పెద్ద బోట్ల మీద పనికి వెళ్ళేవాడు. అతని టికెట్లన్నీ నేనే తీసేదాన్ని. మొదట్లో ఛత్రపూర్ స్టేషన్లో ఫారం నింపి, తరవాత ఫోనులో. వెయిటింగ్, కన్ఫర్మ్, అప్పర్ బెర్త్, ప్లాట్‌ఫాం, ఈ మాటలు అమ్మకు కూడా నోటికి వచ్చేశాయి. "కన్ఫర్మ్ అయిందేటే?" అని పొయ్యి దగ్గర నుంచే కేకేసేది. అన్న ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు.

"సెన్నై దాకా తియ్యి, సాలు. అక్కణ్ణించి జనరల్లో ఎల్లిపోతాను."

అక్కణ్ణించి ఎక్కడికో నేను అడగలేదు. టికెట్ మాట ఎత్తితే ప్రయాణం మొదలైనట్టేనని, ఇక ఎక్కడికని అడగకూడదని అమ్మ లెక్క. అతను సీజనుకో రేవు మారేవాడు. ఫోను చేస్తే తిన్నావా, వేట బాగుందా అని అడిగేవాళ్ళం. బాగుందనేవాడు.

రెండేళ్ళ కిందట వానలు వెలిశాక వెళ్ళాడు. ఎప్పుడూ ఊరివాళ్ళతో కలిసి వెళ్ళేవాడు, ఆసారి ఎవరో కొత్త కాంట్రాక్టరు పిలిచాడని ఒక్కడే వెళ్ళాడు. గుమ్మంలో అమ్మ "దూరమేనా?" అంది. దూరమే అన్నాడు. రెండుసార్లు ఫోను చేశాడు. తరవాత స్విచ్ ఆఫ్.

నెల చూసి అమ్మా నేనూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి మనిషి మంచివాడే, అమ్మకు కుర్చీ వేయించాడు. ఎక్కడికి వెళ్ళాడని ఒడియాలో అడిగాడు. నేను ఫోను తీసి బండి నంబరు, కోచ్, బెర్త్, బోర్డింగ్ స్టేషను, చెన్నైలో దిగే వేళ, అన్నీ వరసగా చదివాను. పాఠం అప్పజెప్పినట్టు చదివాను. అతను విన్నాడు.

"అది టికెట్టు. చెన్నైలో దిగాక ఎక్కడికి?"

అమ్మకు ఒడియా నాకన్నా బాగా వచ్చు. అయినా తెలుగులోనే చెప్పింది.

"దూరమే బాబూ."

అతను నా వైపు చూశాడు. నేను ఒడియాలో చెప్పాను. అతను అది రాసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ మీద కోపం వచ్చింది. తరవాత నా మీదికి మళ్ళింది. నమ్మకాలు లేవని పదిమందిలో చెప్పుకునేదాన్ని, డెస్టినేషన్ అనే మాటకు అర్థం తెలిసినదాన్ని, మొదటి ఫారంలోనే చెన్నై అని రాసి పెన్ను మూసేశాను. ఆ ఒక్క ప్రశ్నకు ఖరీదు గ్లాసుడు నీళ్ళు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఇప్పటికీ రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో అలా ఉంది, అంతే. ఇంటికొచ్చి చల్దన్నం తిన్నాను. మజ్జిగ పులిసిందని అమ్మతో అన్నాను కూడా.

మర్నాడు క్లాసుకి బయలుదేరాను. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎక్కడికెల్తన్నావే?"

ఎదురింటి అరుగు మీద వల బాగుచేస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను అలవాటు కొద్దీ చెప్పు విడిచి లోపలికి రాబోయాను. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీల్లొద్దు. సెప్పు."

"బరంపురం."

"బరంపురంలో ఎక్కడ?"

"గోసాని నువాగాం."

"ఏ ఈదిలో? ఎవులింట్లో?"

చెప్పాను. వీధి, ఇంటివాళ్ళ పేరు, మేడ మీద గది, వెళ్ళే బస్సు, వచ్చే బస్సు. అమ్మ పెదవులు కదిలిస్తూ వింది.

ఈ రెండేళ్ళలో అమ్మ ఒక్కరోజు కూడా మానలేదు. వెళ్ళేది రోజూ అక్కడికే, అయినా అడుగుతుంది. నేను మొదటి నుంచీ చెబుతాను. చెప్పిందంతా ఒకసారి నాకే అప్పజెప్పి, తప్పు పోలేదని నేనన్నాకనే గుమ్మం వదులుతుంది.