జేబెజ్ పేరున వచ్చిన ఉత్తరాలు

మా పెద్దమ్మ లవ్‌డే ట్రెవెనా దస్తూరి మెల్‌బోర్న్‌కి ఉత్తరాన ఉన్న బంగారు గనుల ఊరు ఈగిల్‌హాక్‌లో అందరికీ తెలుసు. కార్న్‌వాల్ నుంచి సముద్రాలు దాటి వచ్చిన గని కుటుంబాలే మా పేటంతా. సంతకం చేయడం రానివాళ్ళు ఊరికి జాబు రాయించుకోవాలంటే ఆవిడ వంటింటి బల్ల దగ్గరికే వచ్చేవారు. చెప్పింది చెప్పినట్టు రాయడం మాత్రం పెద్దమ్మ వల్ల కాదు. "మేం బాగున్నామని రాయి, చాలు" అంటే ఏ కోడి పొదిగిందో, ఏ పిల్లకి పన్ను ఊడిందో కూడా కలిపి రాసేది. అవతల చదివినవాళ్ళకి కళ్ళు చెమర్చేవట.

ఆవిడ భర్త జేబెజ్ పెదనాన్న బంగారం కోసం తెల్లరాయి తవ్వే గనిలో పదహారేళ్ళు పనిచేశాడు. రాయి తొలిచే యంత్రాలు దిగాక లోపల దుమ్ము పిండిలా లేచేది. నలభై రెండో ఏట ఆయనకి దగ్గు పట్టుకుంది. మొదట నిచ్చెన ఎక్కితే ఆయాసం, తర్వాత చాపెల్‌లో పాట పాడితే ఆయాసం, చివరికి బూటు తాడు కట్టుకున్నా ఆయాసమే.

మా ఊరి డాక్టరు గుమ్మానికి ఇత్తడి పలక తప్ప ఇంకే ప్రకటనా లేదు. పేపర్లో పేరు వేయించుకోవడం ఆయన దృష్టిలో పరువు తక్కువ. పెదనాన్న ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు.

"గని మానెయ్ జేబెజ్. పాలు తాగు. ఎండలో కూచో."

"మందేమీ లేదా డాక్టరుగారూ?"

"ఉంటే ఇవ్వనా?" అన్నాడాయన, చేతులు కడుక్కుంటూ.

అదే వారం టౌన్‌హాల్లో బ్యాండుతో సహా డాక్టర్ వెర్నీ దిగాడు. ఏ కాలేజీలో చదివాడో ఎవరికీ తెలియదు. పేపర్లో మాత్రం నిలువునా ఒక కాలమ్ ఆయనదే: "వెర్నీ శ్వాసామృతము! దగ్గు, ఆయాసము, రక్తము పడుట, నిద్రలేమి, ఎంతటి మొండి వ్యాధియైనను ఆరు సీసాలతో నిర్మూలము." దాని కింద మందు గుణమిచ్చిందని జనం రాసిన ఉత్తరాలు, పేర్లతో, వీధులతో సహా. అందులో నల్లమందు కలిసిందన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

పెద్దమ్మ సీసా తెచ్చింది. బెల్లప్పాకంలా చిక్కగా, తియ్యగా ఉండేది. పెదనాన్నకి నెలల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. రెండో సీసాకి "బాగానే ఉందే" అన్నాడు. మూడోదానికీ అదే మాట. వెర్నీ మనిషి వచ్చి ఒక ఉత్తరం రాసిమ్మని అడిగితే పెద్దమ్మ ఆనందం పట్టలేక ఆయన పేరున తనే రాసింది. ఇరవై ఏళ్ళ కుర్రాడిలా నిచ్చెన దిగుతున్నాననీ, చాపెల్‌లో తన గొంతు మళ్ళీ వెనక బెంచీ దాకా వినబడుతోందనీ రాసింది. పెదనాన్న చదివి నవ్వాడు.

"ఈ జేబెజ్ ఎవడే? వీణ్ణి చూస్తే నాకే కుళ్ళుగా ఉంది."

"ఇంకో మూడు సీసాలకి నువ్వే. సంతకం పెట్టు."

పెట్టాడు.

మరుసటి ఏప్రిల్‌లో, ఈ దక్షిణపు దేశంలో చలికాలం మొదలవుతుండగా, ఆయన కుర్చీలో ముందుకి వాలి కూచుని, "ఒక మాట చెప్తాను, కోప్పడకు" అన్నాడు. "అది పనిచెయ్యట్లేదని మూడో సీసాకే తెలిసింది."

"మరి బాగుందన్నావు?"

"నువ్వు చెంచా పట్టుకుని నా మొహంలోకి అలా చూస్తుంటే లేదని ఎలా అనను? నిద్ర మాత్రం పట్టేది లవ్‌డే. అది అబద్ధం కాదు."

పెద్దమ్మ కోప్పడలేదు. ఆయన కాళ్ళకి మేజోళ్ళు తొడిగి, అక్కడే నేలమీద కూచుండిపోయింది. పది రోజులకి ఆయన పోయాడు.

పేపర్లో మాత్రం వారం వారం నిచ్చెన దిగుతూనే ఉన్నాడు. పెద్దమ్మ ఆ ఆఫీసుకి వెళ్ళి ప్రకటన తీసెయ్యమంది. "అచ్చుదిమ్మ మెల్‌బోర్న్ నుంచి తయారై వస్తుందమ్మా. పైగా మీ ఆయన సంతకం ఉంది" అన్నాడు మేనేజరు. వెర్నీకే ఉత్తరం రాస్తే, కొత్త గిరాకీలకి సీసా సగం ధరకే ఇస్తామని అచ్చువేసిన చీటీ జవాబుగా వచ్చింది.

ఆ తర్వాత జేబెజ్ ట్రెవెనా గారి పేరున ఉత్తరాలు రావడం మొదలైంది. మొదటిది గిప్స్‌లాండ్ నుంచి, ఎవరో తల్లి రాసింది: అయ్యా, మీకు నిజంగానే తగ్గిందా? జవాబుకి స్టాంపు కూడా పెట్టింది. పెద్దమ్మ రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. నాకప్పటికి పెళ్ళయింది, రెండు వీధుల అవతల ఉండేదాన్ని. నన్ను పిలిచి, "ఏం రాయనే?" అంది.

"ఉన్నది రాయి పెద్దమ్మా."

"ఉన్నది రాయడం నాకెప్పుడు వచ్చు గనక?"

అయినా రాసింది. మొట్టమొదటిసారి ఒక్క ముక్క కలపకుండా. ఆయన పోయాడనీ, ఆ ఉత్తరం తనే రాశాననీ, క్షమించమనీ. బెండిగో, క్వీన్స్‌లాండ్, సముద్రం అవతల న్యూజీలాండ్, ఎక్కణ్ణుంచి వచ్చినా జవాబిచ్చింది. ఒకాయన, ఉన్న ఒక్క ఆశా లాగేశావని తిట్టి పంపాడు. అది చదివి రోజంతా పొయ్యి వెలిగించలేదు. అప్పటినుంచి ఉత్తరం మారింది. నిద్రకి కావాలంటే ఆ మందు కొంచెం పొయ్యండి, తగ్గుతుందని మాత్రం ఇల్లు అమ్ముకోకండి అని రాసేది. మనిషిని పడుకోబెట్టకుండా, ఎదర బల్లమీద దిండ్లు పేర్చి వాటిమీదకి వాలనివ్వమని, ఉల్లిపాయల చారు ఎలా కాచాలో, మాట్లాడలేని మనిషి పక్కన కూచుని ఏం చెయ్యొచ్చో, అవన్నీ రాసేది.

న్యూజీలాండ్‌లోని రీఫ్టన్ నుంచి ఎఫీ గిలీస్ అనే స్కాట్లాండ్ ఆవిడ రాసింది. భర్త అలెక్‌ది కూడా గని దగ్గే. రెండేళ్ళు వాళ్ళిద్దరి మధ్య జాబులు నడిచాయి. అలెక్ పోయినప్పుడు ఎఫీ రాసింది ఒకే వాక్యం: దిండ్లమీద వాలి, ప్రశాంతంగానే.

ఒక నవంబరు మధ్యాహ్నం ఆవిడ రేకు పెట్టెతో గుమ్మం ముందు నిలబడింది. నేనక్కడే ఉన్నాను.

"లవ్‌డే గారంటే?"

"నేనే."

"ఎఫీని. మీ రాత చూసి లావుగా ఉంటారనుకున్నాను."

"మీ రాత చూసి ఈ ఇల్లు మీకు చిన్నదవుతుందనుకోలేదు" అంది పెద్దమ్మ. ఎఫీ దూలానికి తల తగలకుండా వంగాల్సి వచ్చేది.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడుపులోకి దిగారు. నేను టీ పెడతానని లోపలికి తప్పుకున్నాను.

రెండు వారాలుందామని వచ్చిన మనిషి పంతొమ్మిదేళ్ళు ఉంది. ముందు గదిలో ఇద్దరూ కలిసి కుట్టుపని పెట్టారు. పొద్దున్నే ఓట్స్ జావలో ఎఫీ ఉప్పు వేసేది, పెద్దమ్మ చక్కెర అనేది.

"అది జావ కాదమ్మా, పెళ్ళి విందు" అనేది ఎఫీ.

"నీది సముద్రం నీళ్ళు. ఓడలో తాగి తాగి అలవాటైపోయింది నీకు."

వెర్నీ వ్యాపారం చివరికి జుట్టు నూనెలోకి మారింది. పెదనాన్న పేరు లేకుండా పేపరు వచ్చిన మొదటి శనివారం పెద్దమ్మ దాన్ని రెండుసార్లు తిరగేసింది.

"పోయిందిలే పీడ" అన్నాన్నేను.

"పోయింది" అంది. పేపరు మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, "పాపం, ఇందులో మీ పెదనాన్న బాగుండేవాడే" అంది.

ఎఫీ పేపరు తీసి మడిచి, పెద్దమ్మ శాలువా తెచ్చి భుజాన వేసి, "పద, చెరువు దాకా నడిచొద్దాం" అంది. అటు వెళ్ళి తిరిగి రావడానికి వాళ్ళకి గంటపైనే పట్టింది. వచ్చేటప్పటికి పెద్దమ్మ ఎవరి పెళ్ళి గౌనుకో చేతులు ఎలా కత్తిరించాలని వాదిస్తోంది.