ఎడారికి ఇసుక మోసిన మెకానిక్కు

ఆ రోజుల్లో మనిషికి ఏ పని వచ్చో ఎవరూ అడిగేవారు కాదు, వీసా మీద ఏ పని రాసి ఉందో చూసేవారు. కువైట్ యుద్ధం ముగిసింది. భయపడి ఇళ్ళకు పరుగెత్తుకొచ్చిన వాళ్ళంతా మళ్ళీ పెట్టెలు సర్దుకుంటున్నారు. మా జగిత్యాల వైపు నుంచి మనుషులు బస్సులకొద్దీ బొంబాయికి తరలిపోయేవారు. మా ఊళ్ళో బ్యాండు వాయించే ఆయన తాపీ మేస్త్రీగా పోయాడు, తాపీ మేస్త్రీ వంటవాడుగా పోయాడు (ఆయన వండింది తిన్నవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో నాకు తెలియదు). నా వీసా మీద మెకానిక్ అని ఉంది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. మా దగ్గర ట్రాక్టర్లు బాగుచేసేవాణ్ణి, పంక్చర్లు వేసేవాణ్ణి. నాట్లప్పుడు బురదలో ట్రాక్టరు దిగబడిందంటే చుట్టూ నాలుగూళ్ళ వాళ్ళు నన్నే పిలిచేవారు. నేను వెనకాల నలుగురు లావుపాటి మనుషుల్ని ఎక్కించి, బరువు మోపి, బండిని బయటికి లాగించేవాణ్ణి. కాబట్టి ఇరవై మూడేళ్ళ వయసుకే నాకు అంతుపట్టని బండి ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకునే సౌదీలోని దమ్మామ్‌లో దిగాను.

దిగిన రోజే క్యాంపులో మా జిల్లా పెద్దమనిషి ఒకాయన నాకు అక్కడి వేదం చెప్పాడు. "ఇగో తమ్మీ, కఫీల్ ఏదడిగినా తెల్వదని మాత్రం అనకు. తెల్వదన్నవంటె ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతడు. ముందుగాల తల్కాయ ఊపు, ఎనుక నేర్చుకో." కఫీల్ అంటే మమ్మల్ని పిలిపించుకున్న అరబ్బు యజమాని. మా రాకపోకలన్నీ ఆయన సంతకం మీదే నడుస్తాయి. నేను పని నేర్చుకున్నానో లేదో గానీ తల ఊపడం మాత్రం వారం తిరక్కుండానే నేర్చుకున్నాను. ఆ ఊపుడుతోనే రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

మా కఫీల్ నాకంటే ఓ ఏడెనిమిదేళ్ళు పెద్ద, అంతే. బండ్లు బాగుచేసే షెడ్డు ఆయనది, షెడ్డులో ఉన్న మేమూ ఆయనవాళ్ళమే. కానీ ఆయన ప్రాణమంతా నేను వెళ్ళిన రెండో చలికాలంలో కొన్న ఒక పాత జీపు మీద ఉండేది. ప్రతి శుక్రవారం నమాజు కాగానే స్నేహితులతో కలిసి ధహ్రాన్ దాటాక ఉండే ఇసుక దిబ్బల మీదికి బండ్లు తోలడం ఆయన సరదా. శనివారం పొద్దున మేము షెడ్డు తలుపులు తీసేసరికి ఆ జీపు ఏదో ఒకటి విరగ్గొట్టుకుని వాకిట్లో నిలబడి ఉండేది. కఫీల్ దాన్ని వేలితో చూపించి "సల్లెహ్" అనేవాడు, అంటే బాగుచెయ్యి అని. మా ఇద్దరి మధ్య వారానికి సరిపడా సంభాషణ ఆ ఒక్క మాటే.

నేను ఇల్లు వదిలేనాటికి నా భార్యకు నాలుగో నెల. కూతురు పుట్టిందని ఉత్తరంలో చదువుకున్నాను. ఆ తర్వాత ఒక క్యాసెట్టు వచ్చింది. అందులో నా భార్య "మాట్లాడు బిడ్డా, నాయిన ఇంటడు, మాట్లాడు" అని బతిమాలుతూనే ఉంది, పిల్ల మాత్రం మాట్లాడలేదు. టేపురికార్డరును ముక్కు దగ్గర పెట్టుకుందేమో, బుస్సుబుస్సుమని ఊపిరి మాత్రం వినిపించింది. ఆ ఊపిరినే నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇక ఆగలేక సెలవు కాగితం రాయించుకుని కఫీల్ ముందు పెట్టాను. ఆయన దాన్ని చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, జీపు వైపు చూపించాడు. శుక్రవారాలు వాళ్ళు వెళ్ళే చోట ఒక పెద్ద దిబ్బ ఉందట. స్నేహితుల బండ్లన్నీ ఎక్కుతున్నాయి, ఈయనది ఒక్కటే ఎక్కడం లేదు. ప్రతి వారం తాడు కట్టి లాగించుకోవడం, వాళ్ళు నవ్వడం. "సయ్యారా ఫోగ్ రూహ్, ఇన్త హింద్ రూహ్" అన్నాడు. బండి పైకి పోతే నువ్వు ఇండియాకు పో అని. ఇంకో ఐదు శుక్రవారాలు పోతే ఆయన కుటుంబంతో వేసవికి విదేశం వెళ్ళిపోతాడు. అప్పటికి సంతకం పడకపోతే నా కాగితం ఆయన తిరిగొచ్చేదాకా ఆ జేబులోనే ఉంటుంది. నేను తల ఊపాను. ఈసారి మనస్ఫూర్తిగానే ఊపాను.

మొదటి వారం ఇంజను మొత్తం విప్పి శుభ్రం చేశాను. అది నిజంగా బాగా చేశాను, ఇప్పటికీ చెప్పుకుంటాను. శనివారం జీపు తాడుతోనే వచ్చింది. చుట్టూ తిరిగి చూస్తే అసలు జబ్బు దొరికింది. నాలుగు టైర్లలోనూ గాలి సగానికి సగం లేదు! పంక్చర్ల పనిలో పెరిగిన నా ముందా ఈ ఆటలు అనుకుని ట్యూబులు నాలుగూ నీళ్ళ తొట్టిలో ముంచాను. బుడగ రాలేదు. మళ్ళీ ముంచాను. చేపలు పట్టేవాడిలా రెండు రోజులు తొట్టి ముందే కూర్చున్నాను. చివరికి ట్యూబులే మార్చేసి, గాలి దట్టంగా కొట్టి పంపాను. శనివారం వచ్చేసరికి కొత్త ట్యూబుల్లో కూడా గాలి సగమే. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. కఫీల్‌ను అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. కానీ మెకానిక్కు అన్నవాడు గాలి ఎందుకు పోయిందని యజమానిని అడుగుతాడా? అడిగితే నా మెకానిక్కుతనమే బయటపడదూ?

మూడో వారం నా విద్యంతా బయటికి తీశాను. వాల్వు పిన్నులు మార్చి, మూతలు బిగించి, ఆ మూతల మీద ఇనుమును కూడా అతికించే గమ్ము పూసి ఆరబెట్టాను. ఇక గాలి పోవాలంటే టైరే పగలాలి. అంతటితో ఆగితే బాగుండేది. బురదలో బండికి బరువు పడితే పట్టు దొరుకుతుందన్న సంగతి గుర్తుకొచ్చింది. కమాను పట్టీలు అదనంగా వేసి, ముందు ఇనుప బంపరు బిగించి, వెనక సీటు కింద ఆరు బస్తాల ఇసుక నింపి కుట్టాను. ఎడారిలోకి ఇసుక మోయించినవాడు నాకు ముందు ఎవడైనా ఉన్నాడేమో నాకు తెలియదు, నా తర్వాత మాత్రం ఉండడు.

ఆ శనివారం జీపు తాడుతో రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. తలుపుల దాకా దిగబడిందట, క్లచ్చు ప్లేటు మాడి బొగ్గయింది. కఫీల్ ఆ రోజు ఒక్క మాటతో ఆగలేదు, చాలాసేపే మాట్లాడాడు (నాకు అరబ్బీ అంతగా రాకపోవడం ఆ రోజు దేవుడిచ్చిన వరం). క్లచ్చు సామాను దొరికేసరికి నాలుగో శుక్రవారం కాస్తా దాటిపోయింది. ఇక మిగిలింది ఒక్కటి. నాకు ఏడుపూ రాలేదు, నిద్రా రాలేదు, పట్టుదల మాత్రం పెరిగింది. ఆ దిబ్బ సంగతేమిటో కళ్ళతో చూసి తీరాలనుకున్నాను. షెడ్డులో డ్రైవర్ భాయ్ ఉండేవాడు, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఆ శుక్రవారం కఫీల్ వాళ్ళ టెంటు, చాయ్ సామాను వ్యానులో మోసే పని ఆయనకు పడింది. బతిమాలి నేనూ ఎక్కాను.

తారు రోడ్డు దిగగానే పది బండ్లూ వరసగా ఆగాయి. అందరూ దిగి టైర్ల పక్కన గొంతుక్కూర్చున్నారు. బుస్సుమని చప్పుడు. "భాయ్, అందరియి ఒక్కపారే పంక్చరైనయి! నా సామాను తేవాల్నా?" అన్నాను. భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. "అరే ఉస్తాద్, పంక్చర్ ఏంది? గాలి తీస్తున్నరు. ఇసుకల టైర్ మెత్తగ, ఎడల్పుగ పర్సుకోవాలె. గట్టిగుంటె కత్తి తీర్గ దిగుతది. గింత బండి చేస్తవు, గీ సంగతి నీకు తెల్వదా?" అలవాటు కొద్దీ తెలుసన్నట్టు తల ఊపాను. ఊపుతూనే కఫీల్ వైపు చూశాను. ఆయన ఒక మేకు పట్టుకుని, చెమటలు కక్కుతూ, నేను గమ్ము పూసిన మూతతో కుస్తీ పడుతున్నాడు.

అక్కడ నిలబడి ఎంతసేపు ఆలోచించానో తెలియదు. నోరు మూసుకుంటే సెలవు పోతుంది. తెరిస్తే ఉద్యోగమే పోతుంది. సెలవు పోయినా ఉద్యోగం నిలబెట్టుకోవాలని ఎవరైనా చెబుతారు. కానీ ఆ ఊపిరి చప్పుడు మళ్ళీ క్యాసెట్టులో వినే ఓపిక నాకు లేదు. కటింగ్ ప్లేయరు తీసుకుని వెళ్ళి ఆయన ముందు కూర్చుని, రెండేళ్ళలో మొదటిసారి ఆ మాట అన్నాను. "అనా మాఫీ మాలూమ్." నాకు తెలియదు. గమ్ము నేనే పూశానని, గాలి నేనే దట్టంగా కొట్టానని, మా దగ్గర బురదే గానీ ఇసుక లేదని, వచ్చిన అరబ్బీ, రాని హిందీ కలిపి చెప్పాను. చెబుతూనే మూతలు నాలుగూ విరగ్గొట్టి గాలి వదిలాను. బంపరు విప్పాను. వెనక సీటు కింది బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి పడేశాను. చివరి బస్తా చిరిగింది. కఫీల్ అందులోంచి గుప్పెడు ఇసుక తీసి చూశాడు. తలెత్తి దిబ్బ వైపు చూశాడు. మళ్ళీ గుప్పిట్లోకి చూసుకున్నాడు. తర్వాత కడుపు పట్టుకుని అక్కడే కూలబడి నవ్వాడు. స్నేహితులందర్నీ పిలిచి ఆ బస్తాలు చూపించాడు. పదిమంది అరబ్బులు నా చుట్టూ చేరి నవ్వుతుంటే నేనేం చెయ్యను, నేనూ నవ్వాను. డ్రైవర్ భాయ్ అయితే కళ్ళు తుడుచుకుంటూ "యా అల్లా" అంటూనే ఉన్నాడు.

మొదటిసారి జీపు సగం దూరం పోయి జారింది. రెండోసారి అంచు దాకా పోయి ఆగింది. మూడోసారి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది పైన ఉంది, కఫీల్ తల గుడ్డ తీసి గాలిలో ఊపుతున్నాడు. శనివారం పొద్దున షెడ్డుకు వచ్చి, జేబులోంచి నా కాగితం తీసి, జీపు బానెట్టు మీదే పెట్టి సంతకం చేశాడు. "ఇన్త మాఫీ మీకానీకి" అన్నాడు, నువ్వు మెకానిక్కువి కావు అని. అంటూనే తిరిగొచ్చే వీసా కాగితం మీద కూడా సంతకం చేశాడు.

ఇల్లు చేరాను. ఏడాదిన్నర దాటిన నా కూతురు నన్ను చూసీ చూడగానే ఇల్లెగిరిపోయేలా అరిచి వాళ్ళమ్మ చీర వెనక దూరింది. నేను ఓడిపోయే మనిషిని కాదు. మొదటి రోజు బిస్కెట్లు, రెండో రోజు చాక్లెట్లు, మూడో రోజు కీ ఇస్తే చప్పట్లు కొట్టే బొమ్మ. ఆ బొమ్మను చూసి పిల్ల ఇంకో రెండు రోజులు నా గదివైపే రాలేదు. ఎత్తుకోబోతే ఏడుపు, పిలిస్తే పరుగు. వారం గడిచేసరికి నా భార్యకు విసుగొచ్చింది. "గట్ల మీదవడకు. నువ్వు జెర ఏం జెయ్యకుంట కూసో. గదే అస్తది" అంది.

సరేనని మరునాడు పొద్దున వాకిట్లో చాప వేసుకుని, ఎవరినీ చూడకుండా, చింతకాయలు కొడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి వీపు మీద ఒక చిన్న చెయ్యి పడింది. తర్వాత బరువంతా వీపుకు ఆనింది. మెడ దగ్గర బుస్సుబుస్సుమని ఊపిరి తగిలింది. వెనక్కి తిరిగితే పారిపోతుందేమోనని నేను కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఎండ మీదికొచ్చింది, అయినా కదల్లేదు. చేతిలో రాయి పట్టుకుని, కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా భయపడి, బొమ్మలా బిగుసుకుని కూర్చున్న ఆ ఇరవై అయిదేళ్ళ మెకానిక్కును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.