అవ్వ చెప్పిన ఆవు

మా పక్కింటి అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు. ఆమె పోయిన దుఃఖం సగమైతే, ఇకమీదట మా పిల్లలకు ఏం పెట్టాలన్న భయం నాకు మిగతా సగం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కంపెనీలో నా ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. వర్తూరులో మా సందు చివర కూరగాయల అంగడి ఉంది. మధ్యాహ్నం రెండింటికి వాడినవీ, మచ్చపడినవీ నీలం పెట్టెలో పోసి సగం ధరకిస్తారు. మొదటిరోజు మాకే కావాలని అడగడానికి సిగ్గేసింది. "ఆవుకి కావాలి" అన్నాను. అంగడాయన కుళ్ళిన ఆకులన్నీ ఊడ్చి నా సంచిలో వేశాడు. పక్కనే ఉన్న అవ్వ ఆ సంచి లాక్కుని కింద గుమ్మరించింది.

"ఆవుకని అడిగితే ఆవు తినేదే ఇస్తారప్పా. మనుషులకని అడుగు. వాడిన కూరకే సిగ్గు లేదు, నీకెందుకు?"

ఆరోజు నుంచి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. ఆమెది గద్దచూపు. వంకాయను చెవి దగ్గర పెట్టుకుని నొక్కేది. అదేం వినబడుతుందో నాకైతే ఈరోజుకీ తెలీదు. నవ్వితే తిట్టేది. ఇంటికొచ్చి గడప మీద కత్తిపీట వేసుకుని, చెడినంత మేర కోసి, మంచి ముక్కలు గుడ్డసంచిలో మా తలుపు గడియకు తగిలించేది.

"మరి నీకో అవ్వా?"

"నాది తీసిపెట్టుకున్నాలే. చెడింది ఆవుకేస్తా. మీ ఇంట్లో పిల్లలుండారు, పో."

కబురందగానే హొసకోటె నుంచి ఆమె కూతురొచ్చింది. మర్నాడు సామాను సర్దడానికి సాయం వెళ్ళాను. పొయ్యి మీద చిన్న గిన్నె అలాగే ఉంది. మూత తీశాను. నల్లబడ్డ టమాటా ముక్కలు, పుచ్చు వంకాయ తొడిమలు, ముదిరిన బీన్స్ కొసలు. అన్నీ పులుసులో ఉడికి ఉన్నాయి.

"అవ్వ రోజూ మేపే ఆవు ఎవరిదమ్మా?" అని అడిగాను.

"ఆవు యాడుండాదప్పా ఈ సందులో?" అంది కూతురు.

ఎనిమిది నెలలుగా ఆ సందులోనే తిరుగుతున్నాను. ఒక్క ఆవునూ చూడలేదు. చూడలేదన్న సంగతీ తట్టలేదు. నమ్మితేనే నా పిల్లలకు కూర దొరుకుతుంది కాబట్టి నమ్మేశాను. ఆ అబద్ధం మొదట ఆడింది నేనే.

ఈరోజు రెండింటికి ఒక్కణ్ణే వెళ్ళాను. మనుషులకనే అడిగాను. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని టమాటాలు కోశాను. మంచి సగం పిల్లలకు తీసిపెట్టాను. నల్లబడ్డ సగం పారెయ్యడానికి చేతులు రాలేదు. గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఆవూ లేదు.