సునీత జాబితాలో కొత్త పేరు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఆదివారం చర్చిలో పునరుత్థానం గురించి వింటాను, ఆమెన్ అంటాను. అంతేగాని చనిపోయినవాళ్ళు ఇంట్లో తిరుగుతారంటే నవ్వొస్తుంది. పైగా నాది ఆఫీసులకు నెట్‌వర్కులు బిగించే పని. ఏ వైరు ఎక్కడ తెగిందో పట్టుకునేదాకా కుదురుండని రకం. అయినా ఇది రాస్తున్నాను.

పటమటలో మా అద్దె ఇంట్లో రౌటర్ పక్కన ఒక చిన్న డబ్బా ఉంటుంది. ప్రకటనలను ఆపడానికి నేనే పెట్టాను. ఇంట్లో ఎవరు ఏ సైటు తెరిచినా ముందు ఈ డబ్బా దాని పేరు చూస్తుంది. నిషేధించిన పేర్ల జాబితాల్లో ఉంటే రానివ్వదు. ఆ జాబితాలు ఎవరెవరో తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టినవి.

వాటికి తోడు ఇంకొకటి ఉంది, మా ఆవిడ సునీతది. వంట వీడియోల మధ్య వచ్చే ప్రకటనలంటే ఆమెకు మహా చిరాకు. ఫలానా సైటు ఆపమని ఆమె చెబితే నేను జాబితాలోకి ఎక్కించేవాడిని. పక్కన కారణం కూడా ఆమె చెప్పిందే రాయాలి. "దీనివల్ల కూర మాడింది." "ఊరికే సన్నబడమంటున్నాడు." అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి.

సునీత పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. పని నుంచి ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు. ఏమీ తోచనప్పుడు ఆ జాబితా తెరిచి చదువుకునేవాడిని.

పామర్రులో ఉండే మా అక్క నా పేరు ఒక పెళ్ళి సంబంధాల సైటులో పెట్టించింది. భర్త పోయిన ఒక టీచరుగారు ఇష్టపడ్డారట. "ఒంటికాయ శొంఠికొమ్ములాగా ఇట్టా ఎన్నాళ్ళుంటావురా? ఆదివారంలోపు ఆవిడకి ఏదో ఒకటి చెప్పు" అంది. నాకూ ఒంటరితనం భరించలేనిదిగానే ఉంది. సరేననడానికే శనివారం మధ్యాహ్నం ఫోనులో ఆ సైటు తెరిచాను. రాలేదు.

డబ్బా ఆపిందని అర్థమైంది. ఏ పేరును ఏ జాబితా ఆపిందో వెతికే చోటు అందులోనే ఉంది. వెతికాను. బయటి జాబితాల్లో దేంట్లోనూ లేదు. సునీత జాబితాలో ఉంది.

పక్కన కారణం: "నాకొక్క మాట చెప్పలేదేం?"

అది జాబితాలో చేరింది ఆ వారంలోనే మంగళవారం, పగలు పదకొండింటికి. ఆ వేళకు నేను హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ఆఫీసులో నిచ్చెన మీద ఉన్నాను. ఇంటి తాళంచెవి నా జేబులోనే ఉంది. డబ్బా గడియారం సరిగ్గానే నడుస్తోంది. పాస్‌వర్డు మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. బయటి నుంచి అందులోకి వచ్చే దారి నేను పెట్టనేలేదు.

భయం వేయలేదు. సిగ్గేసింది. మా వైపు ఏ పని తలపెట్టినా ఇంట్లోవాళ్ళ చెవిన ఒక మాట వేస్తాం. అనుమతి కోసమని కాదు, అదొక మర్యాద. ఈ సంబంధం సంగతి పాస్టరుగారికి కూడా చెప్పాను. నెలనెలా సమాధి దగ్గరకు వెళ్తూ సునీతకు మాత్రం చెప్పలేదు.

భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఎదుటి కుర్చీ వైపు చూస్తూ చెప్పాను.

"సునీతా, ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నా. ఆ టీచరుగారికి సరేనని చెబుదామనుకుంటున్నా. నీకు చెప్పకపోవడం తప్పే."

ఫోను తీసి ఆ సైటు మళ్ళీ నొక్కాను. సైటు తెరుచుకుంది.

వెంటనే జాబితా చూశాను. ఆ పేరు అక్కడే ఉంది, నిషేధం అమల్లోనే ఉంది. ఫోను డేటా ఆపే ఉంది, అంటే సైటు వచ్చింది ఆ డబ్బా దాటుకునే. ఆమె ఆపించిన మిగతా పేర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను, ఒక్కటీ రాలేదు. తర్వాత నా తోటి పనివాళ్ళకు చూపిస్తే వాళ్ళూ తల గోక్కున్నారు. అదొక్కటే ఎందుకు వచ్చిందో, ఆ మాట ఎవరు రాశారో ఇప్పటికీ చెప్పలేను.

టీచరుగారికి ఆ సాయంత్రమే సరేనని రాశాను. రాశాక చాలాసేపు ఏడ్చాను. సునీత వద్దంటుందేమోనని నాలో ఏ మూలో ఆశ ఉండేది.