నేను ముగ్గేసిన దేశం

ఈ దేశాన్ని ఏలినవాళ్ళు చాలామంది ఉండొచ్చు గానీ, పొద్దున్నే లేచి పేడనీళ్ళతో కడిగేసినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. నవ్వకండి. ఆ పూట దేశంతోపాటు మా పిల్ల చదువు కూడా కొట్టుకుపోబోయింది.

స్వతంత్రం వచ్చిన తరవాతి రోజులవి. ఒరిస్సాలోని రాయగడలో మా తెలుగు పిల్లలకి ఒక చిన్న బడి ఉండేది. నేను ఆ బడి ఊడ్చి, కడవతో నీళ్ళు తెచ్చి, గంట కొట్టేదాన్ని. చదువంటారా, పైడమ్మ అనే నా పేరులో మూడక్షరాలూ రాయగలను, అదీ ఎవరూ తొందరపెట్టకపోతే. కానీ ముగ్గు వెయ్యడంలో నన్ను మించినది ఆ చుట్టుపక్కల లేదు. మొగుడు పోయినదానివి, గుమ్మం ముందు ముగ్గు నువ్వెయ్యకు అని అత్తవారింట నా చేతిలోని ముగ్గుచిప్ప లాక్కున్నారు. బడి గుమ్మానికి ఆ పట్టింపు లేదు. ఇంటి దగ్గర మానిపించిన ముగ్గులన్నీ తెచ్చి బడి వాకిట్లో పరిచేదాన్ని.

ఆ బడి నాలుగో తరగతి దాకానే. ఐదు చదవాలంటే రైలుపట్టాలు దాటి ఊరి అవతలి చివరికి పోవాలి. మగపిల్లలు పోయేవారు. ఆడపిల్లలు నాలుగుతో ఇంటికొచ్చి తమ్ముళ్ళని ఎత్తుకునేవారు. మా పిల్ల నరసమ్మ అప్పుడు నాలుగులో ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని ప్రశ్నలు అడుగుతారనీ, ఆయనకి నచ్చితే ఐదో తరగతి ఇక్కడే పెడతారనీ కబురొచ్చింది.

"ఏటి అడుగుతారు పంతులమ్మగారూ?" అన్నాను.

"దేశం అడుగుతారు పైడమ్మా. కొండలెక్కడ, మైదానాలెక్కడ, ఎడారెక్కడ, సముద్రమెక్కడ."

"గోడమీద పటం ఉంది కదండీ."

"సగం దేశం చెదపురుగులు తినేశాయి. మిగిలిన సగంలో మనం లేము."

అందుకని ఆవిడ రోజూ మధ్యాహ్నం వాకిట్లో కర్రతో దేశం గీసేవారు. ఆ గీతలమీద నేను రంగులు పోసేదాన్ని. ఉత్తరాన హిమాలయాలకి తెల్లపిండి, మైదానాలకి ఆకుపసరు పట్టించిన ఊక, పడమట ఎడారికి పసుపు, కింద పీఠభూమికి ఇటికపొడి, మూడు పక్కలా సముద్రానికి నీలిమందు కలిపిన ఇసుక. పిల్లలు దానిమీదే తిరిగి చదువుకుని దేశాన్ని తొక్కి పారేసేవారు. మర్నాడు పొద్దున్నే నేను ఊడ్చి కళ్ళాపి జల్లేదాన్ని. మళ్ళీ మధ్యాహ్నం కొత్త దేశం.

ఇన్‌స్పెక్టరు వచ్చే ముందురోజు సాయంత్రం ఆవిడ ఎంతో ఓపికగా పెద్ద దేశం గీశారు. అంచుల దగ్గర నేను ఊపిరి బిగబట్టి రంగులద్దాను.

"రేపు నేను స్టేషనుకెళ్ళి ఆయన్ని తీసుకొస్తాను. పొద్దున్న కళ్ళాపి జల్లకు పైడమ్మా. గుర్తుంటుందా?"

"నానేటి సిన్నపిల్లనా అమ్మా?" అన్నాను.

గుర్తుంది. నాకు గుర్తుంది గానీ నా చేతులకి చెప్పలేదు. పొద్దున్నే అవి వాటి దారిన చీపురు పట్టాయి, పేడ కలిపాయి, జల్లాయి. హిమాలయాలు కరిగి కాలి బొటనవేలికి చల్లగా తగిలినప్పుడు తెలివొచ్చింది. చూస్తే వాకిలి నున్నగా, పచ్చగా, ఏ దేశమూ లేకుండా అద్దంలా ఉంది.

ఇంకొకత్తె అయితే ఏడ్చేది. నేను ముగ్గుచిప్ప పట్టుకున్నాను. ఎన్నిసార్లు రంగులు పొయ్యలేదు, ఆమాత్రం దేశం నాకు రాదా అనుకున్నాను.

నెత్తిన హిమాలయాలు పెట్టాను. బాగున్నాయి. కానీ కింద బోసిగా అనిపించింది. మీరే చెప్పండి, ముగ్గన్నాక ఒక పక్క నిండుగా, ఒక పక్క వెలితిగా ఉంటే చూసినవాళ్ళు వేసినదాన్ని ఏమంటారు? అందుకని కిందా పెట్టాను. అప్పుడు పక్కలు అలిగినట్టు కనిపించాయి. అటొకటి, ఇటొకటి పెట్టాను. పడమట ఎడారికి జోడుగా తూర్పున ఇంకో ఎడారి. సముద్రానికి చోటు మిగల్లేదు, నాలుగు మూలలకీ సమానంగా పంచేశాను. నడుమ ఖాళీగా ఉందని ఎనిమిది రేకుల తామరపువ్వు వేశాను. లేచి నడుం మీద చెయ్యి పెట్టుకు చూసుకుంటే కళ్ళు చెదిరిపోయాయి.

అప్పుడే పిల్లలొచ్చారు. నరసమ్మ పలక చంకన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేటే అమ్మా?"

"దేశం. కనబడ్డం నేదేటి?"

"సముద్రం మూలకెళ్ళిపోయిందేటే? ఈ పువ్వేటి?"

"నోరు మూసుకోయే అమ్మి. నాలుగో తరగతి సదివి నాకే సెప్పొస్తావేటి? రేత్తిరి దానికంటే బాగుంది."

ఇంతలో జట్కా ఆగింది. ఇన్‌స్పెక్టరు ఒడియా ఆయన, తెలుగు నింపాదిగా మాట్లాడేవారు. ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగారు. రెండోసారి తిరిగారు. పంతులమ్మగారి మొహం నానిన సుద్దముక్కలా అయిపోయింది.

"పంతులమ్మగారూ, ఇది ఏ దేశం?"

"మనదేనండీ," అన్నారావిడ, "నిన్న సాయంత్రం దాకా."

ఆయన పిల్లలకేసి తిరిగి, ముందున్న మా నరసమ్మని పిలిచారు.

"నువ్వు చెప్పు. హిమాలయాలు ఎక్కడున్నాయి?"

అది ముగ్గుకేసి చూసింది. నాకేసి చూసింది. ఏదో ఒకటి చూపించెయ్యవే అని నేను కళ్ళతో చెబుతూనే ఉన్నాను. దాని ఐదో తరగతి ఆ నాలుగు కొండల నడుమ ఇరుక్కుపోయిందని అప్పుడు తట్టింది నాకు.

అది నడిచి వెళ్ళి పైనున్న కొండల దగ్గర నిలబడింది.

"ఒకటే నిజమండీ. మిగతా మూడూ మాయమ్మవి."

ఇన్‌స్పెక్టరు మీసం కదిలింది. "అయితే మీ అమ్మవి తీసెయ్యి."

"తిడతాదండీ."

"నేనున్నానుగా."

ఇంకేముంది, పిల్లలందరూ మీదపడ్డారు. కింది కొండల్ని కాళ్ళతో చెరిపేసి అక్కడ నీలి ఇసుక పోశారు. తూర్పు ఎడారి మీద నిలబడి ఒకడు, "ఇక్కడ పసుపుంటే ఎలాగండీ? ఇది బంగాళాఖాతం, సేపలు సచ్చిపోతాయి," అన్నాడు. తామరపువ్వు పోయి పీఠభూమి వచ్చింది. చూస్తూండగానే నా చక్కటి ముగ్గు ఒక పక్క సన్నంగా, ఒక పక్క లావుగా, మళ్ళీ ఆ పాత వంకరటింకర దేశమైపోయింది.

"ఠిక్ అచ్చి," అన్నారాయన. సరే అన్నమాట. "ఐదో తరగతి ఇక్కడే పెట్టమని చెబుతాను."

పంతులమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ధైర్యం వచ్చేసింది.

"బాబూ, నా ముగ్గు బాగుందాండీ?"

"ముగ్గు చాలా బాగుందమ్మా. దేశమే బాగులేదు. వీళ్ళు ఐదుకి వెళ్ళగానే నాలుగులో చోటు ఖాళీ అవుతుంది, నువ్వు కూర్చో."

నరసమ్మ ఐదు చదివింది, ఆ పైన కూడా చదివింది. నేను నాలుగులో కూర్చోలేదు గానీ, ఇప్పుడు మీ అందరి ఎదటా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ దేశానికి నా చేతులమీదుగా ఒక్క కొండ కూడా అదనంగా ఇవ్వను. ఎంత బోసిగా కనబడినా సరే, ఉన్న హిమాలయాలతోనే అందరూ సర్దుకోవాలి.