ఫిల్టర్ మీద తన రాత

స్కూల్లో ఆవిణ్ణి అందరూ కుక్కర్ అనేవాళ్ళు, ఎప్పుడు కూత పెడుతుందో తెలీదని. వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం హెడ్మాస్టరుకి కూడా లేదు. ఆవిడ సైన్సు ల్యాబులో అసిస్టెంటు. చేతికొచ్చిన ప్రతి సీసా మీదా మార్కరుతో తారీఖు పడాల్సిందే. ఇంట్లో పప్పు డబ్బాలకీ, దగ్గుమందు సీసాలకీ అదే గతి. "నేను కాసేపు కదలకుండా కూర్చుంటే నామీద కూడా వేసేస్తుంది" అని నవ్వేది అత్తగారు.

ఆ అత్తగారికి వారానికి మూడు రోజులు డయాలిసిస్. పదకొండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. అరగంట దాటితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. పెద్దావిడకి మోకాళ్ళు వంగవు, మామూలు కార్లో పట్టదు. అందుకే ఇంట్లో ఆ పాత డీజిల్ వ్యాను. సర్వీసు చేయించి నెల కూడా కాలేదు, గురువారం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ దీపం ఎర్రగా రెండుసార్లు మిణుకుమంది.

వెంటనే మెకానిక్కుకి ఫోన్ కొట్టింది. అతన్ని వీధిలో డాక్టరు అంటారు. ఇంజిన్ మీద చెయ్యి వేసి, నాడి చూస్తున్నట్టు కళ్ళు మూసుకుంటాడు మరి.

"ఆయిలూ ఫిల్టరూ కొత్తవే వేశాను మేడమ్. దీపం ఒక్కోసారి ఊరికే వెలుగుతుంది, పట్టించుకోకండి."

"ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే తారులా ఉందే?"

"డీజిల్ బండికి అంతే మేడమ్. పోసిన వారానికే నల్లబడుతుంది."

అది నిజమే కావడంతో ఆవిడకి ఇంకా మండింది. పక్కనే ఉన్న మొగుడు, డ్రాయింగు మాస్టారు, తాపీగా అన్నాడు: "పోనీలే, అతను చెబుతున్నాడుగా."

ఆయన నోట్లో ఈ పోనీలే ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. పెన్సిళ్ళు పోతే పోనీలే, ప్రమోషన్ పోతే పోనీలే. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అన్నీ పోనిచ్చారు! ఇక పోనివ్వాల్సింది బండి ఒక్కటే, అదేమో పోయేట్టు లేదు!"

శనివారం స్కూలు లేదు. పొద్దున్న ఎనిమిదింటికి పాత నైటీ, దాని మీద ఆయన చొక్కా వేసుకుని దిగింది. ఆయిల్ డబ్బా, ఫిల్టరు ముందురోజే తెచ్చి పెట్టుకుంది. ఫోన్లో వీడియో మూడుసార్లు చూసింది. ఇంజిన్ను అయిదు నిమిషాలు నడిపి వెచ్చబెట్టింది, ఆపింది, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టింది, పాత బట్టల టబ్బు కిందకి తోసి తనూ దూరింది. ఆయిల్ వదిలే బోల్టు మొదట మొండికేసింది. పళ్ళు బిగబట్టి లాగితే ఊడొచ్చింది, మోచేతి దాకా వేడి వేడి నల్ల ఆయిల్ కారింది.

"ఏమైనా సాయం కావాలా?" వాకిట్లోంచి మాస్టారు.

"కావాలి. మాట్లాడకండి."

ఫిల్టరు చేతికి లొంగలేదు. ఆయన తోలు బెల్టు చుట్టి మెలిపెడితే కదిలింది. ఊడిన ఫిల్టరును గుడ్డతో తుడిచింది. జిడ్డు కింద నల్లటి అక్షరాలు కనిపించాయి. తారీఖు. పోయినేడాది తారీఖు. తన చేతిరాతే! అప్పట్లో కొత్త ఫిల్టరు తనే కొని, అలవాటు కొద్దీ తారీఖు వేసి ఆ డాక్టరు చేతికి ఇచ్చింది.

వ్యాను కిందనించి వచ్చిన కేకకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. "దొంగ వెధవ! మా చెవుల్లో ఏమైనా పువ్వులు కనబడ్డాయా వీడికి!"

ఆ కోపంలోనే కొత్త ఫిల్టరు ఎక్కించింది. కోపంలోనే బోల్టు బిగించింది, గరాటు పెట్టి ఆయిల్ పోసింది. పదింబావు. తాళం తిప్పింది. దీపం ఆరింది. ఆవిడ మొహం కాస్త తేరుకునేలోపే కింద బుస్సుమంటూ ఆయిల్ చిమ్మింది. గబుక్కున ఆపేసింది. అప్పటికే గచ్చు మీద మడుగు కట్టింది.

అత్తగారు అప్పటికే ముస్తాబై, సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పెద్దావిడ గడియారం వైపు చూసి, సంచీ తాడు ఇంకోసారి ముడేసుకుంది. దానికంటే తిట్టినా బాగుండేది.

మాస్టారు ఈవిడకి చెప్పకుండా ఫోన్ చేసినట్టున్నాడు, పది నిమిషాల్లో డాక్టరు బైకు మీద వాలాడు. వంగి చూసి ముసిముసిగా నవ్వాడు.

"మీకెందుకు మేడమ్ ఈ మసి పని? పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయింది. దాని మీదే కొత్తది బిగించేశారు. రెండు రింగులుంటే కక్కకుండా ఎలా ఉంటుంది? ఎవరైనా ముందు అదే చూసుకుంటారు. జరగండి, నేను చూస్తా."

తల తీసేసినట్టయింది. అతను చెప్పింది అక్షరాలా నిజం. వీడియోలో కూడా చెప్పారు, కళ్ళకి కోపం కమ్మి మర్చిపోయింది. వీడి దగ్గరా తను పాఠం నేర్చుకోవాల్సింది!

"చెయ్యి వేశావంటే ఊరుకోను" అంటూ పాత ఫిల్టరు అతని మొహం ముందు పెట్టింది. "చదువు. ఏ తారీఖు?"

డాక్టరు నీళ్ళు నమిలాడు. "అదీ... బాగానే ఉందని తుడిచి పెట్టాను మేడమ్."

"ఆయిలో?"

"తగ్గినంత మటుకు పైన పోశాను... డీజిల్ బండికి ఏం కాదని..."

మాస్టారు ఒకసారి కుర్చీలో ఉన్న తల్లి వైపు చూశాడు. "పో..." అన్నాడు. అందరికీ తెలుసు తర్వాత ఏమొస్తుందో. ఆవిడ అప్పుడే ఆయన మీదకి తిరగబోయింది.

"పో అవతలికి!" అన్నాడాయన. "మా అమ్మ ఎక్కే బండి అని తెలిసే చేశావు కదరా! పో!"

డాక్టరు బైకు రెండు తన్నులకి గాని స్టార్టవ్వలేదు.

ఆవిడ మళ్ళీ కిందకి దూరింది. ఫిల్టరు విప్పి, ఇంజిన్‌కి అంటుకున్న రింగును గోటితో పీకింది, గోరు విరిగింది. చుట్టూ తుడిచి, కొత్త రింగుకి ఆయిల్ రాసి, ఈసారి నిదానంగా చేత్తోనే బిగించింది. డబ్బాలో మిగిలింది పోస్తే పుల్ల మీద రెండు గీతల మధ్యకి వచ్చింది. స్టార్ట్ చేసి మాస్టార్ని వంగి చూడమంది.

"ఏం కారట్లేదు."

"కళ్ళజోడు పెట్టుకుని చూడండి!"

"పెట్టుకునే ఉన్నానే!"

పదకొండుకి పది నిమిషాలు తక్కువ. బట్టలు మార్చుకునే టైమెక్కడిది? ఆసుపత్రి మెట్ల దగ్గర వ్యాను ఆగేసరికి పదకొండూ ఇరవై ఆరు. నర్సు గడియారం వైపు, తర్వాత ఈవిడ నల్లటి చేతుల వైపు చూసి, "ఇంకో నాలుగు నిమిషాలైతే ఇచ్చేసేవాళ్ళం" అంటూ అత్తగారి చక్రాల కుర్చీని లోపలికి తోసుకుపోయింది. మాస్టారు వెనకాలే వెళ్ళాడు.

ఈవిడ వెళ్ళలేదు. వ్యాను పార్కింగులో పెట్టి నేల మీద వెల్లకిలా పడుకుని కిందకి జరిగింది.

"ఏవండోయ్, ఎవరక్కడ? ఏం పారేసుకున్నారు?" వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏం పారేసుకోలేదు. వెలుతురికి అడ్డం నిలబడకు!"

అతను జరిగాడు. ఆవిడ ఫిల్టరు అంచు చుట్టూ వేలు మెల్లగా తిప్పి, ఆ వేలు బయటికి తీసి ఎండలో చూసుకుంది. కొత్త తడేమీ లేదు. సోమవారం మళ్ళీ పదకొండింటికి రావాలి. ఇంకోసారి తిప్పి చూసింది.