మేకుకు తగిలించిన ఎర్ర గుడ్డలు

మా వదిన పోయింది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే టీ పెడుతూ కూలబడింది. ఆస్పత్రి దాకా కూడా ఆగలేదు. ఎనభైల్లో కృష్ణానగర్‌లోని మా షెడ్డుకు స్కూటర్ తెచ్చినవాళ్లకు ఆమె గుర్తుండే ఉంటుంది. కిరోసిన్ బేసిన్ ముందు పీట వేసుకుని, విప్పిన ఇంజన్ భాగాలు కడిగేది ఆమే. అన్న బిగించేవాడు, నేను సాయం పట్టేవాణ్ణి, వదిన మా ఇద్దర్నీ తిట్టేది.

కొత్తలో, జిడ్డు తొందరగా వదులుతుందని ఒక కార్బొరేటర్‌ను కాస్టిక్ సోడా నీళ్లలో నానేసింది. అల్యూమినియం కదా, నల్లబడి గుంటలు పడింది. అన్న పల్లెత్తు మాట అనలేదు గానీ, ఆమే ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత షెడ్డులోకి ఇనుప బ్రష్షును కూడా రానివ్వలేదు. "చంటిపిల్లకు తానం పోసినట్టు కడగాలె తమ్మీ, జర మెల్లగ!" అని నా ప్రాణం తీసేది.

కడిగేముందు ఇసుక లోపలికి పోకుండా ఇంజన్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కుతాం. ఒక్కటి లోపలే మరిచిపోయామా, ఇంజన్ గోవిందా! అందుకే వదిన ఎర్ర గుడ్డలే వాడేది. సినిమా డాన్సర్ల బట్టలు కుట్టే పక్క టైలరు దగ్గర ముక్కలు ఏరుకొచ్చి, చమ్కీలన్నీ ఓపిగ్గా పీకేసేది. బిగించేటప్పుడు తీసిన గుడ్డ తీసినట్టు గోడ మేకుకు తగిలించాలి. ఆమె వచ్చి మేకు చూసి, "అన్నీ ఉన్నయ్, కొట్టు" అంటేనే మేం కిక్ కొట్టాలి. ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకు ఆలస్యమవుతోందని ఎవరు గోల పెట్టినా సరే.

తర్వాత అన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి తన సొంత స్కూటర్ ఇంజనే విప్పి పెట్టుకున్నాడు. నేను బిగిస్తానంటే కళ్లెర్రజేశాడు. పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామన్నాను వదినతో.

"నీ నోట్లె మన్నువడ! మీ అన్నది మీ అన్ననే బిగిస్తడు. గప్పటిదాక ఖరాబు కానియ్య" అంది.

ఆ భాగాలన్నీ మూటగట్టి, ఏటా వానలు తగ్గగానే విప్పేది. చెమ్మకు పట్టిన తెల్లటి పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, పల్చగా ఆయిల్ రాసి, రంధ్రాలకు ఎర్ర గుడ్డలు పెట్టి మళ్లీ కట్టేది. అన్న గడపలో కూర్చుని చూసేవాడు. నాకు చూడబుద్ధయ్యేది కాదు, జాలేసేది.

పెద్దకర్మ అయిన మర్నాడు అన్న ఆ మూట తెమ్మన్నాడు.

"మీ వదిన మాట చెల్లాలె తమ్మీ" అన్నాడు.

ఒక్క భాగానికీ మచ్చ లేదు, చేతికి ఆయిల్ అంటింది. అన్న ఎడమచేత్తో స్పానర్ పట్టుకున్నాడు. చేయి జారినప్పుడు నేను ముందుకెళితే కసిరాడు. తీసిన గుడ్డ తీసినట్టు మేకుకు తగిలించడమే నా వంతు. మధ్యాహ్నానికి ఇంజన్ బండికెక్కింది. నేను పెట్రోలు పోసి కిక్ మీద కాలు పెట్టాను.

"ఆగు!"

లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, వదిన నిలబడే చోట నిలబడ్డాడు. మేకుకున్న గుడ్డలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"అన్నీ ఉన్నయ్" అన్నాడు చివరికి. "కొట్టు."

బండి అందుకుంది. ఆ అదురుకు రేకుల గోడ వణికింది, మేకుకున్న ఎర్ర గుడ్డలూ కదిలాయి. వాటిలో ఒకదానికి, వదిన కళ్లుగప్పి మిగిలిన చమ్కీ ఒకటి ఎండలో తళుక్కుమంటూనే ఉంది.